బోధన్ రోడ్డు మీద చెరకు దానంతటదే చేతిలోకి వస్తుంది

డ్రైవర్లకు డ్రైవింగ్ నేర్పడం నా ఉద్యోగం అని చెబితే, ఒక పెళ్లి పందిట్లో మా పెద్దబావ అందరి ముందూ అడిగాడు: "గదేందిర, డ్రైవర్‌కు డ్రైవింగ్ రాదా? రాకుండనే మమ్ముల తిప్పుతున్నడా ఇన్నొద్దులు?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కొందరు నిజంగానే భయపడ్డారు. భోజనాలయ్యాక వాళ్లు బస్సెక్కకుండా ఆటో మాట్లాడుకుని వెళ్లారు.

వస్తుంది నాయనా, డ్రైవింగ్ వస్తుంది. వచ్చినవాడికి మళ్లీ నేర్పడమే ఈ ఉద్యోగం. రానివాడితో తంటా లేదు, చెప్పింది వింటాడు. వచ్చినవాడు స్టీరింగ్ మీద చెయ్యేసి, "సార్, మీకు మీసాలు రాకముందు సంది నడుపుతున్న" అంటాడు. నాకన్నా పదేళ్లు చిన్నవాడు కూడా అదే మాట అంటాడు.

నా పేరు లింబాద్రి, మాది ముప్కాల్. బస్సు డిపోల్లో సేఫ్టీ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్లు హైదరాబాద్, చాలా ఏళ్లు నిజామాబాద్, చివర బోధన్ వైపు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి రాయను, అవి నాకే యాదిలో లేవు. శామ్యూల్ అన్న మెడల్ సంగతి మాత్రం చెప్పి తీరాలి. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా అందులోనే ఉంది. అందులో ఒక మేనేజర్ గారు కూడా ఉన్నారు. డిపో పేరు చెప్పను, ఆయన పేరూ చెప్పను. ఆయనకు మనవళ్లున్నారు, తాత పరువుతో వాళ్లకు పనిబడుతుంది.

దెబ్బకు సొంతూరు ఉంటుంది

డ్రైవర్ పక్కన కూర్చుని రోడ్డు చూడకుండా ఉండటమే మా పనిలో మొదటి పాఠం. రోడ్డు ఆయన చూసుకుంటాడు. మనం ఆయన కళ్లు, కాళ్లు చూడాలి. కొత్తలో నేనూ రోడ్డే చూసేవాణ్ణి. బ్రేకు లేని చోట కాలు తొక్కీ తొక్కీ కుడికాలి చెప్పు ముందు అరిగిపోయేది. చెప్పులు కుట్టే ఆయన "సార్, నీకు కుంటి ఉన్నదా?" అని జాలిపడ్డాడు.

అలా చూడగా చూడగా తెలిసింది, ప్రతి దెబ్బకూ సొంతూరు ఉంటుందని. షెడ్డులో నిలబెట్టిన బస్సును చూసి, ఆ దెబ్బ ఏ ఊళ్లో తగిలిందో చెప్పేవాణ్ణి. హైదరాబాద్ దెబ్బ చిన్నది, ఒళ్లంతా ఉంటుంది. అక్కడ అందరికీ తొందరే, ఎవరూ కదలరు. కోపం ఎక్కువ, వేగం తక్కువ. అద్దం పోతుంది, రంగు పోతుంది, కాసేపు ఒకరి వంశాన్ని ఒకరు తలుచుకుంటారు, అందరూ ఇల్లు చేరతారు. ఇందల్వాయి దగ్గర హైవే మీద దెబ్బలు తక్కువే. కానీ వాటి మీద ఎవరూ జోకులెయ్యరు. రోడ్డు నున్నగా ఉంటే కాలు బరువెక్కుతుంది, కన్ను మూతపడుతుంది. ఆ బస్సులు చూసి వచ్చిన రోజు నాకు అన్నం సహించేది కాదు. తక్కువ ప్రమాదాలు జరిగే రోడ్డు మంచి రోడ్డని ఎవరైనా అంటే నమ్మకండి.

నిజామాబాద్ దెబ్బ ఎడమవైపు, వెనక తగులుతుంది. అది ఆటో పని. మా నిజామాబాద్ ఆటో స్టాండు చూసి ఆగదు, చెయ్యి చూసి ఆగుతుంది. రోడ్డు పక్కన ఎవరైనా తల గోక్కున్నా ఆగుతుంది. దాన్ని తప్పించబోయి మనవాడు కుడికి కొడితే బస్సు తోక దాన్ని రాసుకుంటుంది. పసుపు సీజన్లో మార్కెట్ యార్డు దగ్గర తగిలిన దెబ్బలోనైతే పసుపు పొడి కూడా ఉంటుంది. "షెడ్డులనే తగిలింది సార్, నాకేం ఎరుక" అని డ్రైవర్ ఒట్టేస్తుంటే, వేలితో తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి.

ఇక బోధన్ వైపు రోడ్డు ఖాళీగా ఉంటుంది. కష్టమంతా అందులోనే ఉంది. ఖాళీ కదా అని సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలో బర్రె పడుకుంటుంది. ఇక చెరకు సీజన్ వచ్చిందంటే ట్రాక్టర్ ట్రాలీలు, ఇంటికప్పు ఎత్తున చెరకు, రెండు పక్కలా గెడలు బయటికి వేలాడుతూ పోతుంటాయి.

మేనేజర్ గారి మ్యాపు

మా మేనేజర్ గారు హైదరాబాద్ మనిషి. చదువుకున్నవారు, మంచివారు, మడత నలగని చొక్కావారు. ఆయన తన గదిలో ఒక మ్యాపు తగిలించి, బస్సుకు ఎక్కడ ఏది తగిలినా అక్కడ ఎర్ర తల గుండుసూది గుచ్చేవారు. బోధన్ రోడ్డంతా తట్టు పోసినట్టు అయింది. ఒకరోజు నన్ను పిలిచారు.

"లింబాద్రి గారూ, దీన్ని చూస్తే మీకేం అర్థమవుతోంది?"

"సూదులు అయిపోవస్తున్నై సార్."

"మీ వాళ్లకు డ్రైవింగ్ రాదని అర్థమవుతోంది. సిటీలో నడిపినవాడు ఎక్కడైనా నడపగలడు. ఒక సిటీ డ్రైవర్ వస్తే మీవాళ్లు చూసి నేర్చుకుంటారు."

"సిటీల బర్రెలుండయి గద సార్."

"బర్రె ఒక కారణం కాదండీ!"

బర్రె ఎదురుగా కూర్చుంటే తప్ప ఆ మాటకు జవాబు లేదు. అడిగినట్టే ఆయనకు సిటీ డ్రైవర్ దొరికాడు.

గోడకు మేకు

ఆ వచ్చినవాడే శామ్యూల్ అన్న. సర్వీసంతా హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపాడు, బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు. ఆయన భార్య స్వరూపక్కది బోధన్. రిటైరయ్యాక అక్కడే ఉందామని, చివరి చెరకు సీజన్‌కు మా డిపోకు మార్పించుకుని వచ్చాడు. సర్వీసు మొత్తం ప్రమాదం లేకుండా ముగించిన డ్రైవర్‌కు చివరి రోజు అందరి ముందూ మెడల్ పెడతారు. స్వరూపక్క దాని కోసం ముందుగదిలో గోడకు మేకు కొట్టించింది. మెథడిస్టు చర్చిలో అందరికీ చెప్పేసింది. వాళ్లు ఆదివారం ప్రార్థనలో రోగుల పేర్లు చదివాక మెడల్ సంగతి కూడా దేవుడికి గుర్తుచేసేవారట.

"మేకు కొట్టిచ్చింది సార్" అన్నాడు మొదటి రోజే నాతో. "మెడల్ రాకపోతే గా మేకుకు నన్నే ఏలాడదీస్తది." నవ్వాను. ఆయన నవ్వలేదు. "డ్రైవర్‌ను ఎవలు యాది పెట్టుకుంటరు సార్? గుద్దినోన్నే యాది పెట్టుకుంటరు. నేను గుద్దలే. గా సంగతి ఒక్కసారన్న ఎవలన్న నోటితోటి చెప్పాలె గద."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ మనిషికి మెడల్ రావాల్సిందే అని అప్పుడే అనుకున్నాను.

మొదటి వారం ఆయన నడపడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఎప్పుడో పాడైపోయిన సిగ్నల్ స్తంభం ఉంటే, దాని ముందు బస్సు ఆపి కూర్చున్నాడు. లైటు పడదు, ఈయన కదలడు. బస్సు ఖరాబైందేమో అని సగం మంది దిగి మూత్రానికి పోయారు. మరోచోట బర్రెకు హారన్ కొట్టాడు. అప్పటిదాకా నిలబడి ఉన్న బర్రె, ఇదేదో చాలాసేపు పట్టే పని అనుకుందో ఏమో, కూర్చుంది. కండక్టర్ గంగామణి దిగి, దాని వీపు మీద ఒకటి చరిచి లేపింది.

"అన్నా, గిది హైదరాబాద్ ఆటో కాదు, హారన్‌కు జరగనీకె" అంది బస్సెక్కుతూ. "దీనికి బొట్టు పెట్టి పిలవాలె."

గంగామణి నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ రూట్లో ఎవరింట్లో ఏం కూర వండారో కూడా ఆమెకు తెలుసు.

"అన్నా, జర మెల్లగ!"

ఒకరోజు పొద్దున (ఆ రోజు నేను బస్సులో లేను, వాళ్లు చెప్పిందే చెబుతున్నాను) బస్సు ముందు దత్తు ట్రాలీ పోతోంది. దత్తు మహారాష్ట్ర సరిహద్దు వైపు మనిషి, చెరకు తోలుతాడు. ట్రాలీని దాటుదామని శామ్యూల్ అన్న కుడికి తీశాడు. ట్రాలీ బస్సుకు ఎడమవైపున పడింది. వెనకనుంచి నాలుగైదు గొంతులు ఒక్కసారే వినిపించాయి: "అన్నా, జర మెల్లగ! మెల్లగ పోనియ్యి!"

శామ్యూల్ అన్న గుండె కరిగిపోయింది. సిటీలో ఆయన్ను ఎవరూ మెల్లగా పొమ్మనలేదు. 'ఎంత మంచి జనం, ప్రాణం విలువ తెలిసినోళ్లు' అనుకుని, ట్రాలీ పక్కనే దానితో సమానంగా మెల్లగా పోనిచ్చాడు.

బస్సు ఎడమకు ఒరిగింది. ఇదేమిటని అద్దంలో చూస్తే, ఎడమ కిటికీల నిండా చేతులే. కుడివైపు కూర్చున్నవాళ్లు కూడా లేచి ఎడమవైపుకు వచ్చేశారు. అందరూ ట్రాలీలోంచి చెరకు గెడలు గుంజుతున్నారు. ఆ రూట్లో అది అలవాటు. బస్సు ట్రాలీ పక్కకు వచ్చిందంటే అందినవాడికి అందినంత. "చేతులు లోపట పెట్టుర్రి!" అని గంగామణి అరుస్తూనే ఉంది, ఆమె మాట చెరకు ముందు పనిచెయ్యలేదు.

శామ్యూల్ అన్న బెదిరిపోయి వేగం పెంచాడు. అందరూ వదిలేశారు, ఒక్క పోశవ్వ తప్ప. పోశవ్వ రోజూ కొత్తిమీర, పుదీన అమ్ముకోవడానికి బోధన్ పోయే ముసలామె. నోట్లో ఒక్క పన్ను లేదు. పట్టు మాత్రం ఉడుము పట్టు. ఆమె పట్టిన గెడ చెరకును కట్టిన తాడు కింద ఇరుక్కుని ఉంది. గెడ వచ్చింది, దానితో తాడూ వచ్చింది, చెరకంతా జలజలా రోడ్డు మీదికి జారింది. దేవుడి దయ, ఎవరికీ గీత కూడా పడలేదు. దత్తు మాత్రం ట్రాక్టర్ దిగి రోడ్డు మీదే తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నేరుగా డిపోకు వచ్చి, బస్సు గుద్దిందని ఫిర్యాదు చేశాడు.

విచారణ

మేనేజర్ గారు చేతిలో ఎర్ర గుండుసూది పట్టుకుని మరీ విచారణకు బయల్దేరారు. నేను వెనకాల. బస్సు, అందులోని జనం ఇంకా చెరకు పడ్డ చోటే ఉన్నారు. బస్సు ఎడమవైపంతా చేత్తో తడిమి చూశాను. ఎక్కడా గీత లేదు, రంగు లేచిన చోటు లేదు. ట్రాలీని బస్సు తాకనే లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన ప్రయాణికులను ఒక్కొక్కరినీ అడిగారు.

"చెరకు మీరు లాగారా?"

"నేను గుంజలే సార్. అదే చేతిలకొచ్చింది."

తర్వాతివాడు కూడా, "అదే చేతిలకొచ్చింది సార్" అన్నాడు. ఆ మాట అంటూ పిప్పి కిటికీలోంచి ఉమ్మాడు. బస్సంతా అదే జవాబు. చివరికి పోశవ్వ దగ్గరికి వచ్చారు.

"అవ్వా, నీకు పళ్లే లేవు కదా, చెరకు దేనికి?"

"నాకు లేకుంటే మా బర్రెకు లేవా సార్?"

"అంటే నువ్వే లాగావు!"

"నేనేడ గుంజిన? నా చెయ్యి నా కిటికిల ఉన్నది. అదే వచ్చింది చేతిలకు."

మేనేజర్ గారికి ఒళ్లు మండింది. "చెరకుకు కాళ్లున్నాయా, రెక్కలున్నాయా, దానంతటదే చేతిలోకి రావడానికి? ఇంత పచ్చి అబద్ధం నేను జన్మలో వినలేదు!" డిపోకు వచ్చాక మ్యాపు ముందు సూది పట్టుకుని నిలబడ్డారు. నాకు స్వరూపక్క మేకు కళ్ల ముందు ఆడింది.

"సార్, గుద్దితేనే గద ప్రమాదం. బస్సు తాకలే. తాకింది పోశవ్వ."

"పోశవ్వ వాహనం కాదు లింబాద్రి గారూ!"

"గందుకే సార్, రాయనీకె లేదు."

ఆయన సూదిని చొక్కా జేబుకు గుచ్చుకున్నారు. "ఇది నా దగ్గరే ఉంటుంది. ఆయన చివరి రోజు నేనే ఆ బస్సెక్కుతాను. ఏ కిటికీలోంచైనా ఒక్క చెయ్యి బయటికి వచ్చిందా, బస్సు మీద డ్రైవర్‌కు అదుపు లేదని ఈ సూది గుచ్చేస్తాను. మెడల్ లేదు, ఏం లేదు."

ఆ సాయంత్రం శామ్యూల్ అన్న నా దగ్గరికొచ్చి పిల్లాడిలా అడిగాడు: "మెల్లగనే పోయిన గద సార్. మెల్లగ పోవుడు తప్పెట్లయితది?"

కొత్తగా చేరిన పిల్లలూ, ఇది మీరు గట్టిగా యాది పెట్టుకోండి. ఆయన తప్పు చెయ్యలేదు. హైదరాబాద్‌లో ఒప్పయినది బోధన్‌లో చేశాడు. సిటీలో మెల్లగా పోతే ప్రాణం దక్కుతుంది. ఇక్కడ చెరకు బండి పక్కన మెల్లగా పోతే బంతి భోజనాలు మొదలవుతాయి. వెనకాల ఎడంగా ఆగాలి, లేదా రోడ్డు దూరందాకా కనబడ్డప్పుడు చక్కగా దాటిపోవాలి. పక్కన మాత్రం ఉండకూడదు. ఒక ఊరి డ్రైవర్ మంచివాడు, ఇంకో ఊరి డ్రైవర్ చెడ్డవాడు అని మ్యాపు చూసి తీర్పు చెప్పేవాణ్ణి ముందు ఆ బస్సెక్కించండి. కిటికీలోంచి చెయ్యి పెట్టేవాణ్ణి మాత్రం నేను ఎక్కడా క్షమించను. చెరకు మళ్లీ మొలుస్తుంది, చెయ్యి మొలవదు.

శామ్యూల్ అన్న నేర్చుకున్నాడు. సీజనంతా ఎక్కడా ట్రాలీ పక్కన నిలవలేదు. జనం తిట్టుకున్నారు. "గీ సిటీ ఆయన వచ్చినంక నోరు తీపి లేకుంటయింది" అన్నారు. గంగామణి మాత్రం టికెట్ కొడుతూ ప్రతి ఒక్కరికీ మేకు కథ చెప్పింది. "రేపు ఆ మేకు ఉత్తగ ఉంటే స్వరూపక్కకు మొఖమెట్ల సూపిస్తరో మీరే సూసుకోర్రి" అని బెదిరించింది.

గేటు పడింది

చివరి రోజు వచ్చింది. బస్సుకు మామిడాకులు కట్టారు. స్వరూపక్క కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మేనేజర్ గారు డ్రైవర్ వెనక, కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నారు, జేబుకు ఎర్ర సూది మెరుస్తోంది. నేను ఇంజను పక్క సీటులో కూర్చున్నాను.

అంతా బాగానే సాగింది. దారిలో రైలు గేటు పడింది. శామ్యూల్ అన్న పద్ధతిగా ఎడమ పక్కన ఆపాడు. మా వైపు గేటు పడితే, ఎదురుగా వచ్చే బండ్లు ఎటు పోవాలన్న చింత ఎవరికీ ఉండదు. రోడ్డు ఎంత వెడల్పుంటే అంత వెడల్పునా నిండిపోతారు. కుడివైపునుంచి గుడగుడమంటూ ఒక ట్రాక్టర్ వచ్చి బస్సును ఆనుకున్నట్టే ఆగింది. చూస్తే దత్తు. ట్రాలీ నిండా చెరకు. గెడల కొసలు కిటికీ కడ్డీల దాకా వచ్చి ఊగుతున్నాయి.

శామ్యూల్ అన్న అటూ ఇటూ చూశాడు. ముందుకు పోతే గేటు, వెనక్కి పోతే జీపులు. ఆయన సీట్లోంచి వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అన్నలారా, అక్కలారా, నా సర్వీసంత ఇప్పుడు మీ చేతులల్ల ఉన్నది" అన్నాడు.

అప్పుడు చూడాలి ఆ బస్సును. ఒకాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకాయన భార్యతో, "నా చేతులు నువ్వు వట్టుకో, నాకు నమ్మకం లేదు" అన్నాడు. పోశవ్వ చేతులను కొంగులో చుట్టి ముడేసుకుంది, కళ్లు మూసుకుంది. "దేవుడా, దబ్బన రైలు పంపియ్యి" అని గొణిగింది. గంగామణి టికెట్ మిషన్‌ను విసరబోయే రాయిలా పట్టుకుని నడిమిట్ల నిలబడింది. రైలు రాదు. గాలి వీస్తోంది, చెరకు వాసన బస్సంతా నిండిపోయింది. ఎవరో గుటక వేసిన చప్పుడు నాదాకా వినిపించింది. ఒక్క చెయ్యి కదల్లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

దూరంగా రైలు కూత వినబడింది. అందరం అటు చూశాం.

పటక్‌మని చప్పుడైంది.

తిరిగి చూస్తే, మేనేజర్ గారి కుడిచెయ్యి కిటికీలోంచి మోచేతి దాకా బయట ఉంది. ఆ చేతిలో మంచి లావుపాటి గెడ, సగం లోపల, సగం బయట. కడ్డీకి అడ్డం పడి ఇటూ రాక, అటూ పోక ఇరుక్కుంది. ట్రాక్టర్ మీదినుంచి దత్తు ఆయన్నే చూస్తున్నాడు. బస్సంతా ఆయన్నే చూస్తోంది.

"సార్" అంది గంగామణి చాలా మర్యాదగా, "చెయ్యి లోపట పెట్టుకోర్రి."

మేనేజర్ గారు చేతివైపు చూసుకున్నారు. అది ఎవరిదో తెలియనట్టే చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను లాగలేదండీ" అన్నారు మెల్లగా. "అదే చేతిలోకి వచ్చింది."

పోశవ్వ కళ్లు తెరిచి కొంగు ముడి విప్పుకుంది. "గదే సార్" అంది. "మేం గుడ గా దినం గదే చెప్పినం."

గేటు లేచింది. రైలు ఎప్పుడు పోయిందో మాలో ఎవరూ చూడలేదు. దత్తు ట్రాక్టర్ దిగి, గెడను కడ్డీలోంచి తప్పించి, ముక్కలు చేసి తనే మేనేజర్ గారి ఒళ్లో పెట్టాడు. ఆయన వాటిని పక్కవాళ్లకు పంచారు. మిగతా దారంతా బస్సులో నమిలే చప్పుడే. పోశవ్వ తన ముక్కను బర్రె కోసం సంచిలో వేసుకుంది.

సాయంత్రం డిపోలో సభ జరిగింది. మేనేజర్ గారు మైకు ముందుకొచ్చి, "ఈయన తన సర్వీసంతా ఎవరినీ గుద్దలేదు" అన్నారు. ఆ ఒక్క వాక్యమే అన్నారు. శామ్యూల్ అన్న ఆ మాట విని మొహం పక్కకు తిప్పుకున్నాడు. మెడల్ పెట్టబోతే రిబ్బన్‌కు ఉండాల్సిన పిన్ను ఎక్కడో ఊడిపోయింది. మేనేజర్ గారు అటూ ఇటూ వెతికి, తన జేబుకున్న ఎర్ర గుండుసూది తీసి, దానితోనే శామ్యూల్ అన్న చొక్కాకు మెడల్ గుచ్చారు.

మొన్న బోధన్ పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. మెడల్ ఆ మేకుకే ఉంది. సూది తీసేసి మంచి పిన్ను పెడదామని శామ్యూల్ అన్న చాలాసార్లు అన్నాడట. స్వరూపక్క ముట్టనియ్యలేదు.